గోల్కొండ కోట ఒక్క ద్రోహి వల్లనే పడిపోయిందా?

మెట్లదారి:
1687 సెప్టెంబరు 21 తెల్లవారక ముందే అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే అఫ్గాన్ సర్దారు లంచానికి లొంగి గోల్కొండ కోట దిడ్డి తలుపు తీశాడని, ఎనిమిది నెలలుగా బయట పడిగాపులు కాసిన ఔరంగజేబు సైన్యం ఆ సందులోంచి లోపలికి చొరబడిందని మనమందరం చిన్ననాటి నుంచి వింటున్నాం. కోట చూడబోయిన వారికి ఫతే దర్వాజా దగ్గర గైడులు చెప్పే మొదటి కథ ఇదే. ఆ తలుపు తీయకపోతే కోట ఎప్పటికీ పడేది కాదన్న మాటతో ఆ కథ ముగుస్తుంది. సంఘటన జరిగిందనడంలో నాకు సందేహం లేదు. ఒక రాజ్యం పతనమంతటినీ ఒక మనిషి మీద, ఒక తలుపు మీద మోపడం సబబేనా అన్నదే నా ప్రశ్న. పదకొండు కిలోమీటర్ల చుట్టుకొలత, 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్న కోట ఒక్క దిడ్డి తెరుచుకున్నంత మాత్రాన పోయిందంటే, అది అప్పటికే పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కాదా? పెద్దలు తమ అభిప్రాయాలు చెప్పగలరు.

దండనాయకుడు:
సబబే. ఇందులో చర్చకు తావెక్కడుందో నాకు అర్థం కావడం లేదు. ముట్టడి జరిగిన తీరును ఒక్కసారి చూడండి. మొఘలులు బురుజుల కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెడితే, లోపలివారు దాన్ని పసిగట్టి చాలా భాగం తీసివేశారు. మిగిలినది పేలినప్పుడు రాళ్లన్నీ మొఘలుల మీదికే ఎగసిపడ్డాయి. అర్ధరాత్రి నిచ్చెనలు వేసి గోడ ఎక్కబోతే ఒక కుక్క మొరిగి కాపలాదారులను లేపింది. ఆ కుక్కకు గోల్కొండ చివరి సుల్తాను తానీషా బంగారు గొలుసు చేయించాడని కూడా చెబుతారు. వానాకాలంలో వరదలకు మోర్చాలు (ముట్టడి కందకాలు) కొట్టుకుపోయాయి, శిబిరంలో తిండి గింజలకు కటకటలాడారు, రోగాలతో మనుషులు పిట్టల్లా రాలిపోయారు. ఫిరంగి దెబ్బకు చేయి పోగొట్టుకున్న కిలిచ్ ఖాన్ ఆ గాయంతోనే చనిపోయాడు. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పాడట. ఆయన మనవడే తరువాత ఈ దక్కనును ఏలిన మొదటి నిజాం. చక్రవర్తి సొంత కొడుకు షా ఆలం లోపలివారితో రహస్య మంతనాలు జరుపుతున్నాడని తెలిసి, తండ్రే అతన్ని ఖైదు చేయవలసి వచ్చింది.

బలంతో కుదరలేదు, యుక్తితో కుదరలేదు, ఆకలితోనూ కుదరలేదు. కుదిరింది లంచంతోనే. అందుచేత పతనానికి కారణం పన్నీ. ఇక మిగిలినదంతా పండితుల కాలక్షేపం.

కారవాన్:
కోట నుంచి చార్మినారు దాకా సొరంగం ఉందని కూడా చెబుతారు కదా. అదే ఉంటే తానీషా ఆ రాత్రి దాని గుండా ఎందుకు వెళ్లిపోలేదో ఎవరూ చెప్పరు.

శాసనప్రియుడు:
చిన్న సవరణ. ఫతే దర్వాజా అన్న పేరు ఆ విజయం తరువాత వచ్చిందని వాడుక. మొఘలులు ఆ దర్వాజా గుండా లోపలికి నడిచారనడం ఒక మాట, పన్నీ ఆ మహాద్వారపు తలుపులే బార్లా తెరిచాడనడం మరొక మాట. తెరిచింది దిడ్డి తలుపు. ఏనుగులు గుద్దకుండా ఇనుప శూలాలు దిగగొట్టిన ఆ పెద్ద తలుపులు చూపించి "ఇవే తీశాడు" అని గైడులు చెప్పడం వల్ల, జరిగిన దాని పరిమాణమే మారిపోతోంది.

మూసీతీరం:
దండనాయకుడు గారు చెప్పిన ప్రతి అంశమూ నిజమే. కానీ ఆయన చరిత్ర 1687లో మొదలై 1687లోనే ముగుస్తోంది. ఈ కోట పతనం అంతకు యాభై ఏళ్ల ముందే మొదలైంది. 1636లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా షాజహానుకు లొంగుబాటు పత్రం రాసి ఇచ్చాడు. ఏటా 2 లక్షల హొన్నుల కప్పానికి ఒప్పుకున్నాడు. శుక్రవారం నమాజు నాటి ఖుత్బా ప్రసంగంలో ఇరాన్ షా పేరు తీసివేసి మొఘలు చక్రవర్తి పేరు చదివించడానికి కూడా ఒప్పుకున్నాడు. ఆ నాటి నుంచి గోల్కొండ స్వతంత్ర రాజ్యమని అనడం మర్యాద కోసమే.

తరువాత మీర్ జుమ్లా. వజ్రాల వ్యాపారిగా వచ్చి, ప్రధాన పదవికి ఎదిగి, కర్ణాటకంలో తనకంటూ ఒక రాజ్యమే గెలుచుకున్న ఆ మనిషి 1655లో మొఘలుల వైపు తిరిగిపోయాడు. ఆ సాకుతోనే 1656లో అప్పటికి యువరాజుగా ఉన్న ఔరంగజేబు హైదరాబాదును దోచి, ఇదే కోటను ముట్టడించాడు. ఢిల్లీ నుంచి తండ్రి ఆజ్ఞ రాకపోయి ఉంటే కోట అప్పుడే పోయేది. ఆ ముట్టడిలో నేర్చిన పాఠం వల్లనే ఈశాన్యాన ఉన్న ఎత్తును కోట లోపలికి కలుపుకుంటూ నయా ఖిల్లా కట్టారు. గోడ పెంచారు కానీ, గోడ వెనక ఉన్న రాజకీయాన్ని బాగుచేయలేదు.

1685లో షా ఆలం దండెత్తి వచ్చినప్పుడు గోల్కొండ సేనాధిపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువు పక్షాన చేరిపోయాడు. దానితో హైదరాబాదు నగరం చేతులు మారింది. తానీషా రాత్రికి రాత్రి కోటలోకి పారిపోయాడు. 1686 మార్చిలో తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నలను నడివీధిలో చంపారు. అదే ఏడాది సెప్టెంబరులో బీజాపూరు పడిపోయి, దక్కనులో గోల్కొండ ఒంటరిదైంది. ముట్టడి కాలంలోనే షేక్ నిజాం వంటి సర్దారులు ఒక్కొక్కరుగా జారిపోయారు. ఆ షేక్ నిజామే ముకర్రబ్ ఖాన్ అన్న బిరుదుతో 1689లో సంగమేశ్వరం దగ్గర శంభాజీని పట్టుకున్నవాడు. ఈ వరుసలో పన్నీ చిట్టచివరివాడు. అందరూ దిగిపోయిన తరువాత దీపం ఆర్పినవాణ్ణి పట్టుకుని, ఇల్లు చీకటి చేసినవాడు ఇతనొక్కడే అంటే ఎలా?

దండనాయకుడు:
మీ వరుస అంతా చదివాను. నా ప్రశ్న ఒక్కటే, దానికి సూటిగా జవాబు చెప్పండి. సెప్టెంబరు 21 తెల్లవారుజామున ఆ దిడ్డి తెరుచుకోకపోతే, 22వ తేదీన కోట ఎవరి చేతిలో ఉండేది?

మూసీతీరం:
తానీషా చేతిలోనే ఉండేది. మరి 1688లో ఎవరి చేతిలో ఉండేది?

దండనాయకుడు:
1688 సంగతి నేను అడగలేదు. మీరు ఒప్పుకున్నది చాలు. 22న కోట తానీషా చేతిలో ఉండేదంటే, పోవడానికి కారణం పన్నీ అన్నట్టే.

ఇంకొక మాట. ద్రోహం చేసిన మనిషిని వదిలిపెట్టి "ముందే బలహీనంగా ఉంది" అనడం నాకు పుస్తకాల్లో కొత్తగా ఎదురైన వాదం కాదు. మా కాలనీ సహకార సంఘంలో ఒక కార్యదర్శి ఎవరికీ చెప్పకుండా సంతకం చేసి, పార్కు కోసం విడిచిపెట్టిన స్థలాన్ని చేజార్చాడు. ఈనాటికీ ఆయన్ని వెనకేసుకొచ్చేవారు "సంఘం లెక్కలు మొదటి నుంచీ సరిగా లేవు, సభ్యులు సమావేశాలకు రాలేదు, ఎవరో ఒకరి చేతిలో ఎలాగూ పోయేదే" అంటారు. సంతకం ఒక్కడిది, నిందను మాత్రం అందరికీ సమానంగా పంచుతారు. పంచిన నింద ఎవరి నెత్తిమీదా ఉండదు. మూసీతీరం గారి వరుస చదువుతుంటే నాకు ఆ సమావేశాలే గుర్తుకొచ్చాయి.

మూసీతీరం:
మీ సంఘం స్థలం పోయినందుకు చింతిస్తున్నాను. కానీ ఆ కార్యదర్శి మీద మీకున్న కోపాన్ని పన్నీ లెక్కలో జమ చేయకండి. నేను నిందను పంచడం లేదు, కారణాన్ని వెతుకుతున్నాను. రెండూ ఒకటి కావు. పన్నీ ద్రోహి అన్న మాటతో నాకు తగాదా లేదు. అతను అంతకుముందు బీజాపూరు కొలువు విడిచి మొఘలుల వద్దకు, మొఘలులను విడిచి గోల్కొండకు వచ్చిన కిరాయి సర్దారు. అలాంటివాణ్ణి దర్వాజా కాపలాకు పెట్టుకోవలసిన స్థితి రాజ్యానికి ఎందుకు వచ్చిందన్నదే నా ప్రశ్న. నమ్మదగినవారు మిగలలేదు కాబట్టి వచ్చింది.

ఇక 1688 సంగతి ఎందుకు ఎత్తానంటే, ముట్టడి మధ్యలోనే ఔరంగజేబు గోల్కొండ రాజ్యాన్ని తన సామ్రాజ్యంలో కలుపుకున్నట్టు ప్రకటించాడు. కోట చుట్టూ కర్ర, మట్టితో మరొక గోడ కట్టించి రాకపోకలు బిగించాడు. బీజాపూరు ముగిసింది కనుక ఆయనకు తిరిగి వెళ్లవలసిన తొందర లేదు. లోపలివారికి సాయం రాగల దిక్కు ఏదైనా మిగిలి ఉంటే చెప్పండి.

భద్రగిరి:
రామదాసును పన్నెండేళ్లు చెరలో పెట్టిన పాపం ఊరికే పోతుందా? దేవుడి సొమ్ము అడిగిన రాజ్యం దేవుడి చేతిలోనే పోయింది. ఇంతకంటే కారణం వెతకవలసిన పనిలేదు.

పాతనగరం:
భద్రగిరి గారూ, మీరు చెప్పే కథనే కొంచెం పూర్తిగా చెప్పండి. పాల్వంచ తహసీల్దారుగా కంచర్ల గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించాడు, ఆ పైకం కట్టనందుకు చెరలో పడ్డాడు. ఆ తరువాత రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించినది ఎవరికి? తానీషాకే. పాటలు కట్టి పిలిచిన రామదాసుకు కాక, ఖైదు చేసిన తానీషాకే రాముడు కనిపించాడని మన కథలో ఉంది. కళ్లారా దర్శనం దొరికిన మనిషిని అదే దేవుడు శపించాడంటే, కథ లోపలే పొత్తు కుదరదు. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని కూడా జనం తానీషా పేరుతోనే చెప్పుకుంటారు. ఆయనను జైలరుగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం మనం చేసుకున్న ఎంపిక.

కారవాన్:
బాలాహిసార్ దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపించేంత ఏర్పాటు ఉన్న కోటలో, ఆ రాత్రి అలికిడి ఎవరికీ వినిపించలేదా?

శాసనప్రియుడు:
చప్పట్లు వినిపించేది బాలాహిసార్ దర్వాజా కమాను కింద, అది లోపలి కోట. పన్నీ కాపలా ఉన్నది బయటి ప్రాకారంలో. ఆ ఏర్పాటుకూ ఈ ద్రోహానికీ సంబంధం కలపనవసరం లేదు.

దండనాయకుడు:
అలికిడి వినిపించింది. విన్నవాడు ఒకడున్నాడు. అబ్దుర్ రజాక్ లారీ. ఆరు వేల మన్సబు (కొలువు హోదా) ఇస్తామని ఔరంగజేబు పంపిన ఫర్మానును అందరి ముందూ చించి పారేసినవాడు. తలుపు తెరుచుకున్న సంగతి తెలియగానే, జీను కూడా వేయని గుర్రం ఎక్కి, వెంట పది పన్నెండుమందితోనే శత్రువుల గుంపులోకి దూకాడు. ఒంటి మీద డెబ్బైకి పైగా గాయాలతో తెలివితప్పి దొరికాడు. గెలిచిన ఔరంగజేబే అతనికి వైద్యులను పంపి బతికించాడు. ఒకే రాత్రి, ఒకే కోట, ఒకే జీతం తిన్న ఇద్దరు మనుషులు. ఒకడు తలుపు తీశాడు, ఒకడు ఒళ్లు కోయించుకున్నాడు. పరిస్థితులే అన్నిటికీ కారణమైతే ఇద్దరూ ఒకేలా ప్రవర్తించాలి కదా? మూసీతీరం గారు దీనికి జవాబు చెప్పాలి. కోట పోవడానికీ నిలవడానికీ మధ్య ఉన్నది మనిషి గుణమే కానీ, 1636లో రాసిన పత్రం కాదు.

మెట్లదారి:
ఇది బలమైన ప్రశ్నే అనిపిస్తోంది.

పాతనగరం:
గుణం మాట వచ్చింది కనుక, చాలా కాలంగా గొంతులో ఉన్నది చెబుతాను. ఈ చర్చ మొదటి వాక్యంలోనే "అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే అఫ్గాన్ సర్దారు" అని ఉంది. లారీ పేరు వచ్చినప్పుడు మాత్రం అతను ఇరాన్‌లోని లార్ ప్రాంతపువాడని ఎవరూ రాయలేదు. మీర్ జుమ్లా ఇస్ఫహాను వైపు నుంచి వచ్చాడని కూడా ఎవరూ రాయలేదు. ద్రోహం దగ్గరకు వచ్చేసరికి మాత్రం జాతి పేరు ముందు నడుస్తుంది.

మా అబ్బాయిని బడివారు కోటకు విహారయాత్రకు తీసుకువెళ్లారు. అక్కడ ఈ కథ విన్న పిల్లలు తిరుగు ప్రయాణంలో బస్సులో "మీవాళ్లే కదా తలుపు తీసింది" అని వాణ్ణి ఏడిపించారు. పిల్లలేదో అన్నారులే అని ఉపాధ్యాయులు ఊరుకున్నారు. ఆ కోటలో కూర్చున్న రాజూ ముస్లిమే, ముట్టడించిన చక్రవర్తీ ముస్లిమే, డెబ్బై గాయాలు తిన్నవాడూ ముస్లిమే. కానీ తలుపు తీసినవాడు ఒక్కడే ఎలా "మావాడు" అయ్యాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మీర్ మహమ్మద్ ఇబ్రహీం సంగతే చూడండి. పన్నీ వల్ల పోయింది అప్పటికే ఊపిరి ఆగబోతున్న కోట. ఇబ్రహీం వల్ల రాజధాని నగరం పోయింది, రాజు పారిపోయాడు, ఊరు దోపిడీ అయింది. అయినా అతని పేరు ఎవరికీ తెలియదు. ఎందుకంటే వేలు పెట్టి చూపించడానికి అతని ద్రోహానికి తలుపు లేదు.

దండనాయకుడు:
నేను ఎక్కడా మతం పేరెత్తలేదు. నా మాటలు తిరగేసి చూసుకోండి. బస్సులో పిల్లలు అన్న మాటకు నన్ను బోనెక్కించడం న్యాయం కాదు. చరిత్రలో ఉన్న పేరు చెప్పినందుకు కూడా ముద్ర వేస్తారా? ఇలాగైతే ఇక్కడ నోరు విప్పవలసిన పని లేదు.

పాతనగరం:
ముద్ర వేయలేదు. మూసీతీరం గారు మీ ముందు నలుగురు ఫిరాయించినవారి పేర్లు పెట్టినా, మీరు ఒక్క పేరు దగ్గరే ఆగిపోతున్నారు. ఎందుకని అడుగుతున్నాను.

నిర్వాహకుడు:
వ్యక్తుల మీదికి వెళ్లకుండా విషయం మీద రాయవలసిందిగా ఇద్దరినీ కోరుతున్నాను.

దండనాయకుడు:
ఎందుకని అడిగారు కనుక చెబుతాను. పన్నీని పక్కన పెట్టమంటున్నారు. పక్కన పెట్టిన తరువాత ఆ ఖాళీలోకి ఎవరిని తెచ్చి నిలబెడతారో నాకు బాగా తెలుసు. మాదన్నను నిలబెడతారు.

మా నాన్నగారు తెలుగు ఉపాధ్యాయులు. ఒక సభలో ఒక పెద్దమనిషి, తానీషా భోగాల్లో మునిగి రాజ్యాన్ని ఇద్దరు బ్రాహ్మణుల చేతిలో పెట్టాడని, వారి స్వార్థం వల్లనే గోల్కొండ చెడిందని ఉపన్యసించారు. నాన్నగారు లేచి, "రాజ్యాన్ని పన్నెండేళ్లు నిలబెట్టినవారే కూలదోసినవారు ఎలా అవుతారు?" అని అడిగారు. జవాబు రాలేదు కానీ, కులాభిమానంతో మాట్లాడుతున్నారన్న పేరు వచ్చింది. ఆ తరువాత ఆ సంస్థవారు ఆయనను ఏ సభకూ పిలవలేదు. "లోపల కుళ్లిపోయింది, ముందే బలహీనపడింది" అన్న వాదం మర్యాదగానే మొదలవుతుంది. ఎవరు కుళ్లబెట్టారని రెండో ప్రశ్న వేయగానే వేలు మాదన్న వైపు తిరుగుతుంది. అందుకే నేను దిడ్డి తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడ తప్పు చేసిన మనిషి ఎవరో స్పష్టంగా ఉంది.

మూసీతీరం:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే సగం చర్చ మిగిలేది. మాదన్న విషయంలో మీతో నాకు భేదం లేదు, పైగా మీ నాన్నగారి ప్రశ్నకు ఆధారం కూడా ఉంది.

ఔరంగజేబు తానీషా మీద మోపిన నేరాలలో ముఖ్యమైనవి రెండు: పాలనను అవిశ్వాసుల చేతిలో పెట్టడం, శంభాజీకి లక్ష హొన్నులు పంపడం. రెండో దానికి కొంత పూర్వకథ ఉంది; 1677లోనే శివాజీ హైదరాబాదుకు వచ్చి తానీషాతో ఒప్పందం చేసుకుని వెళ్లాడు, దాని వెనక మాదన్న ఉన్నాడు. మొదటి నేరమే అసలు కారణమైతే, అది తీరిపోయిన రోజున యుద్ధం ఆగిపోవాలి. 1686 మార్చిలో అక్కన్న మాదన్నలను చంపి, తలలు మొఘలుల వద్దకు పంపారు. అవతలివారు కోరినదంతా జరిగింది. అయినా ఏడాది తిరగకుండానే ఔరంగజేబు తన మొత్తం సైన్యంతో కోట ముందు దిగాడు. అంటే మాదన్న సాకు మాత్రమే. ఆయన లేకపోయినా ఇంకొక సాకు దొరికేది.

కావలసింది లోపల ఉన్న సొత్తు, దక్కను మీద పట్టు. కోట పడ్డాక దొరికిన నగదును చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆరు కోట్ల ఎనభై లక్షల రూపాయలకు పైగా లెక్కగట్టాడు, నగలూ వజ్రాలూ కాక. కొల్లూరు వంటి గనుల వజ్రాలు వచ్చి చేరే బజారు ఇది. అంత సంపద పక్కనే పెట్టుకుని, 1636 నుంచి కప్పం కడుతూ, సైన్యాన్ని మాత్రం కిరాయి సర్దారులతో నింపుకున్న రాజ్యాన్ని పొరుగునున్న సామ్రాజ్యం ఎంతకాలం వదిలిపెడుతుంది? నా వాదన ఇదే. ఇందులో మాదన్నా నేరస్థుడు కాడు, అఫ్గానులూ నేరస్థులు కారు.

పాతనగరం:
మాదన్న హత్య విషయంలో ఒక మాట చేరుస్తాను. ఆయనను చంపింది మొఘలులు కాదు. కోటలోనివారే కుట్ర చేసి చంపారు, అంతఃపురంలో కొందరి చేయి కూడా అందులో ఉంది. ద్రోహమంటే అదీ ద్రోహమే. కానీ కోటకు వెళ్లినవారికి అక్కన్న మాదన్నల కార్యాలయాలని పేరున్న గదులు చూపిస్తారు, రామదాసు చెర చూపిస్తారు, వారిని ఎవరు ఎక్కడ చంపారో మాత్రం చెప్పరు. దండనాయకుడు గారూ, మీకు బాధ కలిగించిన నిశ్శబ్దం, నాకు బాధ కలిగించిన కథ ఒకే గైడు నోటి నుంచి వస్తున్నాయి. కనుక మీరూ నేనూ ఎదురెదురుగా నిలబడవలసిన అవసరం లేదు.

దండనాయకుడు:
మొదటి భాగంతో ఏకీభవిస్తున్నాను. రెండో దానితో కాదు. మీరు అన్ని పేర్లూ చెప్పి ఎవరినీ నిలదీయవద్దంటున్నారు. నేను అన్ని పేర్లూ చెప్పి అందరినీ నిలదీయాలంటున్నాను. మాదన్నను చంపినవారినీ, మీర్ మహమ్మద్ ఇబ్రహీమునూ, పన్నీనీ. లారీ ఒక్కడే ఆ బోనులో నిలబడనవసరం లేనివాడు.

శాసనప్రియుడు:
లారీ గురించి ఒక సంగతి ఈ చర్చలో రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. చించిన ఫర్మాను, జీను లేని గుర్రం, డెబ్బై గాయాలు, మొరిగిన కుక్క, పట్టుకోవడానికి వచ్చిన మొఘలు సర్దారుల ముందు నింపాదిగా ఉదయపు భోజనం ముగించిన తానీషా: వీటిని ఇంత వివరంగా చెప్పినవాడు ఖాఫీ ఖాన్. ఆయన మొఘలుల కొలువులోని చరిత్రకారుడు. 1690లలో ఇదే అబ్దుర్ రజాక్ లారీ తరఫున బొంబాయిలోని ఇంగ్లీషువారి వద్దకు పనిమీద వెళ్లానని ఆయనే రాసుకున్నాడు.

ఇందులో రెండు విషయాలున్నాయి. మొదటిది, గాయాలు మానిన తరువాత లారీ కూడా ఔరంగజేబు కొలువులో చేరి కొంకణంలోని రాహిరీ వైపు ఉద్యోగం చేశాడు. తానీషా అప్పటికి దౌలతాబాదు కోటలో ఖైదీగా ఉన్నాడు, అక్కడే కన్నుమూశాడు. రెండోది, లారీ పరాక్రమాన్ని మనకు చెప్పినవాడు లారీకి కావలసిన మనిషి. కథ అబద్ధమని నేను అనడం లేదు. నమ్మకస్థుడి కథ నమ్మకస్థుడి వైపు నుంచే వచ్చింది, పన్నీ వైపు నుంచి రాయడానికి ఎవరూ లేరు. ఇద్దరినీ ధర్మం, అధర్మం లాగా ఎదురెదురుగా నిలబెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

భద్రగిరి:
లారీ చివరికి ఔరంగజేబు కొలువులోనే చేరాడా! ఇది నేనెప్పుడూ వినలేదు.

దండనాయకుడు:
రాజు ఖైదులో ఉన్నాడు, రాజ్యం లేదు, సింహాసనం లేదు. చావు నుంచి లేచిన సైనికుడు బతుకుతెరువు కోసం ఎవరి కొలువులో చేరినా అది ద్రోహం కాదు. రాజ్యం ఉండగా చేసినదే ద్రోహం. ఖాఫీ ఖాన్ ఎవరి పని మీద బొంబాయి వెళ్లినా, తలుపు తీసింది పన్నీ కాదని మొఘలుల పక్షం వారెవరూ రాయలేదు కదా. ఆ సంగతి మీ వాదంతో కదలదు.

మూసీతీరం:
అది కదలాలని ఎవరూ అడగలేదు. కానీ మీ నిర్వచనం మీకే ఎదురు తిరుగుతోంది. రాజ్యం ఉండగా చేసినదే ద్రోహమైతే, 1685లో ఇబ్రహీం చేసింది పన్నీ చేసినదానికంటే పెద్ద ద్రోహం. అప్పుడు నగరం ఉంది, ఖజానా ఉంది, మాదన్న ఉన్నాడు, బీజాపూరు ఇంకా నిలిచే ఉంది. పన్నీ నాటికి మిగిలింది గోడలూ, వాటి మీద కొద్దిమందీ. పెద్ద ద్రోహాన్ని వదిలి చిన్నదాని దగ్గర ఎందుకు ఆగాలి?

మెట్లదారి:
నేను మళ్లీ ఎవరినైనా కోటకు తీసుకువెళితే ఫతే దర్వాజా దగ్గర ఇబ్రహీం పేరు తప్పకుండా చెబుతాను. పన్నీ పేరు ముందు అఫ్గాన్ అన్న మాట నా మొదటి వాక్యంలోదే. పాతనగరం గారు అడిగిన దానిలో న్యాయం ఉంది కనుక ఇకపై దాన్ని వాడను. 1688లో ఏమయ్యేదన్న దానికి మాత్రం దండనాయకుడు గారి నుంచి జవాబు రాలేదు.

దండనాయకుడు:
ఆ ఏడాది కూడా వానలు అలాగే కురిసి, శిబిరంలో గింజలు అలాగే కరువై, కొడుకులు అలాగే తండ్రి మీద గుసగుసలాడుతుంటే, డెబ్బై ఏళ్ల చక్రవర్తి ఎంతకాలం నిలిచేవాడో మీరు చెప్పండి. ముట్టడి వేసినవారే అలసి లేచిపోయిన కోటలు చరిత్రలో లేకపోలేదు. 1688 గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, నేను అక్కడికి వస్తాను. ఇక్కడ అడిగింది 1687 గురించి. ఆ రాత్రి దిడ్డి తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.